ఆకురాయి లేని తుపాకీ

‘ది గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) గురించి ఎవర్ని కదిపినా శ్మశానం, ముగ్గురి చూపులు, మోరికోనె సంగీతం అంటారు. నాకు మాత్రం తుపాకుల కొట్టు సీనే ఇష్టం. ఎడారిలో ఎండిపోయి వచ్చిన టూకో (ఈలై వాలక్) రివాల్వర్లన్నీ ముందు పరిపించుకుంటాడు. ఒకదాని గొట్టం, ఇంకోదాని తూటాల చక్రం విప్పి, చక్రాన్ని చెవి దగ్గర తిప్పి వింటాడు. నచ్చనిది పక్కన పడేస్తాడు. మొరటు దొంగలో పనివాడు కనిపించేది అక్కడే. డైలాగు చెప్పనిది చేతులు చెప్పేస్తాయి. ఆ తర్వాత అదే తుపాకీతో కొట్టువాణ్ణే దోచుకుంటాడు. లియోనీ పనితనాన్ని చూపిస్తాడు గానీ దానికి దణ్ణం పెట్టడు.

కానీ ఆ సీన్లో ఓ అబద్ధం ఉంది. వేర్వేరు కంపెనీల భాగాలు అలా టకటకా కలిసిపోవు. పాత పిస్టల్‌కి చిన్న భాగం మార్చడమంటే చాలాసార్లు కొనడం కాదు, కుదర్చడం. కాస్త రాయడం, పెట్టి చూడడం, తీసి మళ్ళీ రాయడం. చూపుల్ని నిమిషాలకి నిమిషాలు సాగదీసిన దర్శకుడు ఆకురాయిని మాత్రం ఎత్తేశాడు!

ఆ ఓపిక చూడాలంటే పామర్రు సెంటర్లో ఏ మెకానిక్ షెడ్డు ముందైనా నిలబడాలి. మందు కొట్టే స్ప్రేయర్‌కి వాషరు వేస్తూ “సైజు కుదర్లేదండీ, కొంచెం రుద్దాలి” అంటారు. దసరాకి వాళ్ళు కుంకుమ పెట్టే ఆయుధాలు స్పానర్లు, సుత్తులే. తెర మీద విల్లూ గదా పట్టిన ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కూడా ఈ మండలంలోనే. ఆ విల్లుకీ గదకీ మరమ్మతు ఉండదు, అవి వరాలు కదా. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో కౌబాయ్ వచ్చాడు. టోపీ వచ్చింది, గుర్రం వచ్చింది, నిధి వేట వచ్చింది. తుపాకీ మాత్రం, నేను చూసినంతలో, ఆనాటి నుంచి ఈనాటి మెషిన్‌గన్ హీరోల దాకా వరంగానే మిగిలింది. పాడవదు, అరగదు. దాన్ని బాగుచేసిన చెయ్యి ఎవరిదో మనం అడగం.

ఈ విషయంలో 1959 ఆయుధాల చట్టం మన స్క్రిప్టుల కంటే నయం. లైసెన్సు లేకుండా తుపాకీని మరమ్మతు చేయడమే నేరం అంటుంది. తాతగారి పిస్టలే కదా అని ఇంట్లో కూర్చుని స్ప్రింగు మార్చడం కుదరదు. 45వ సెక్షన్ వదిలేసే పాత ఆయుధం ఏదంటే, బాగుచేసినా చేయకపోయినా పేలనిది. అంటే తుపాకీ చచ్చిందా బతికిందా అన్నది తుప్పుని బట్టి కాదు, దాన్ని బాగుచేయగల చెయ్యిని బట్టి. చట్టం పొడి వాక్యంలో ఇంత కథ ఉంది. మన రచయితలు దీన్నెందుకు ముట్టుకోరు?

షెడ్డుకి ఒకాయన కాగితంలో చుట్టి, చిన్న ఇనప ముక్క తెస్తాడు. “ఇలాంటిదే ఇంకోటి రాసి ఇవ్వాలోయ్, ఎంతవుద్ది?” “దేన్లోదండీ ఇది?” అంటాడు మెకానిక్, చేతిలో ఆకురాయితో. ఈ రెండో మాట తర్వాతి కథ నాకింకా ఎక్కడా దొరకలేదు.