బంతిలో చివరి మనిషి

మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ముద్ద దిగకపోతే మొదట వినిపించే మాట గ్యాస్. మాత్రలకు తగ్గకపోతే ఎవరో మందు పెట్టారంటారు. కక్కించేవాళ్ల చుట్టూ తిరిగి, బక్కచిక్కాక హైదరాబాద్ బస్సెక్కుతారు. మా పెద్దనాయన కూడా అట్లాగే వెళ్లాడు. అక్కడ తేలిన జబ్బు అకలేషియా. అన్నవాహిక చివరి కండరం బిగుసుకుపోయి, మింగినప్పుడు వదులు కాదు. ఏటా లక్షమందిలో ఒకరిద్దరికే వస్తుంది కాబట్టి చప్పున అనుమానం రాదు.

ఆ కండరాన్ని కోసి దారి ఇవ్వడం 1913లో జర్మన్ సర్జన్ ఎర్న్‌స్ట్ హెల్లర్‌తో మొదలైంది. 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోవే పొట్ట మీద గాటు పెట్టకుండా నోటి గుండా ఎండోస్కోపుతోనే ఆ పని చేశాడు. దాన్ని పోయెమ్ అంటారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలో ఇది విరివిగా జరుగుతోంది. పెద్దనాయనకూ ఇదే చేశారు.

దారి తెరుచుకున్నా, ముద్దను కిందికి నెట్టే కదలిక చాలామందిలో మునుపటిలా రాదు. అన్నం తన బరువుతో తానే జారాలి. అందుకే పెద్దనాయన తినడం మళ్లీ నేర్చుకున్నాడు. నిటారుగా కూర్చుంటాడు. పక్కన గోరువెచ్చని నీళ్లు. జొన్నరొట్టెను పప్పులో నానేస్తాడు, మటన్ ముక్కను వేళ్లతో పోగులుగా విడదీస్తాడు. పొద్దుగూకకముందే రాత్రి భోజనం ముగిస్తాడు. పోయెమ్ తర్వాత పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ఎక్కువ. అందుకే మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నాడు, డాక్టరు రాసిన మాత్ర మానడు.

డాక్టర్లకు ఎకార్ట్ స్కోరు ఉంది. మింగడంలో ఇబ్బంది, తిన్నది పైకి రావడం, ఛాతీనొప్పి, బరువు తగ్గడం: ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 3 దాటకపోతే ఆపరేషన్ ఫలించినట్టే. అయితే నలుగురిలో కూర్చుని తినగలగడానికి అందులో మార్కుల్లేవు. కక్కు వస్తుందేమోనని పెళ్లిళ్లు మానేసిన పెద్దనాయన ఇప్పుడు పోతున్నాడు. బంతి లేచేసరికి ఆయన విస్తరి సగమే అవుతుంది. "ఏంది బావా, ఏం తింటలేవు?" అని ఒకరు, "ఇంకో ముక్క ఎయ్యి" అని ఇంకొకరు. ఆ మర్యాదకు జడిసి చెయ్యి కడిగేస్తాడు.

ముద్దతోపాటు నీళ్లు కూడా అడ్డం పడుతుంటే గ్యాసని సరిపెట్టుకోకండి, ఎండోస్కోపీ చేయించండి. ఆపరేషన్ అయినవాళ్లు బరువు చూసుకుంటూ ఉండాలి, ముద్ద మళ్లీ ఆగుతుంటే వెంటనే చూపించుకోవాలి. ఇక మీ ఇంటి బంతిలో నిదానంగా తినే మనిషి కనిపిస్తే కొసరకండి. ఆకులెత్తేవాళ్లను కాసేపు ఆగమనండి.