శాంపుల్‌లో నిలిచిపోయిన లోపం: పాత విద్యుత్ పియానోల డిజిటల్ ప్రతిరూపాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: రోడ్స్, వుర్లిట్జర్ వంటి విద్యుత్ పియానోల ధ్వనిని శాంప్లింగ్ పద్ధతిలో భద్రపరచిన సాఫ్ట్‌వేర్ వాద్యాలు తమలోని లోపాలనే ప్రామాణికతకు గుర్తుగా చూపుతున్నాయి. ఆ లోపాలు మూలవాద్యంలో ఎలా పుట్టాయో, శాంపుల్‌లోకి చేరాక వాటి స్వభావం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రోడ్స్ పియానో, వుర్లిట్జర్, శాంప్లింగ్, ప్రామాణికత, పాఠపరిష్కరణ.

1. వాద్యనిర్మాణం

రోడ్స్ పియానోలో తీగలు ఉండవు. మీట నొక్కినప్పుడు ఒక చిన్న సుత్తి ‘టైన్’ అనే సన్నని ఉక్కుకడ్డీని తాకుతుంది. టైన్‌కు జతగా ఒక బరువైన లోహపుపట్టీ ఉంటుంది. రెండూ కలిసి, భుజాలు సమానంగా లేని శృతిదండంలా కంపిస్తాయి. టైన్ కొసకు ఎదురుగా అమర్చిన అయస్కాంత పికప్ ఆ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. రెండో ప్రపంచయుద్ధకాలంలో గాయపడి మంచంపట్టిన సైనికుల కోసం, విమానాల అల్యూమినియం గొట్టాలతో హెరాల్డ్ రోడ్స్ తయారుచేసిన చిన్న వాద్యంలో ఈ పరిశ్రమకు మూలం ఉంది. వుర్లిట్జర్ మార్గం వేరు. అందులో సుత్తి తాకేది ఉక్కు రీడ్‌ను. కంపనాన్ని గ్రహించేది స్థిరవిద్యుత్ పికప్. 1959లో రే చార్లెస్ పాడిన ‘వాట్ డ్ ఐ సే’ పాటతో ఆ ధ్వని లోకానికి పరిచయమైంది.

ఈ వాద్యాల ‘లోపం’ గురించి మాట్లాడేవారు ముందుగా ఒక విషయం గమనించాలి. గట్టిగా నొక్కినప్పుడు రోడ్స్ వినిపించే గరుకుదనం లోపం కాదు. టైన్ కంపనం మొదటి తాకిడి తరువాత దాదాపు శుద్ధతరంగమే. దానిలో స్వరభేదాన్ని పుట్టించేది పికప్. టైన్ కొస పికప్ మధ్యరేఖకు సరిగ్గా ఎదురుగా ఉంటే రెట్టింపు పౌనఃపున్యం ప్రబలి, పైస్థాయి స్వరం వినిపిస్తున్నట్టు తోస్తుంది. కొద్దిగా పైకి జరిపితే ప్రాథమికస్వరం నిండుగా వస్తుంది. కంపనవిస్తృతి పెరిగేకొద్దీ పికప్ స్పందన వంకర తిరుగుతుంది. అదే ఆ గరుకుదనం. ఇది నిర్మాణంలోనే ఉన్న గుణం. ఒక మీటకూ పక్క మీటకూ మధ్య ధ్వనిలో తేడా రావడం మాత్రం అమరికకు, అరుగుదలకు సంబంధించినది. మీట వదిలినప్పుడు డ్యాంపర్ చేసే చప్పుడు, యాంప్లిఫయర్ రొద మూడో రకానికి చెందినవి. విక్రయప్రకటనలు ఈ మూడింటినీ ‘పాతవాద్యపు సహజమైన లోపాలు’ అనే ఒకే మూటలో కట్టేస్తాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

2. ఒక ప్రతి, అనేక పాఠాలు

శాంపుల్ వాద్యం తయారుచేసేవారు ఒక నిర్దిష్టమైన పియానోను ఎంచుకుని, ఒక్కొక్క మీటను వేర్వేరు బలాలతో నొక్కి రికార్డు చేస్తారు. 73 మీటలు, మీటకు 12 బలస్థాయులు, స్థాయికి 4 ప్రత్యామ్నాయాలు అనుకుంటే 3,504 రికార్డింగులు అవసరమవుతాయి. శ్రమ చిన్నది కాదు. స్పెక్ట్రాసోనిక్స్ 2016లో విడుదల చేసిన కీస్కేప్ సంకలనం పరిమాణం సుమారు 77 గిగాబైట్లు. మీట వదిలినప్పటి చప్పుడును, పెడల్ చప్పుడును వాదకుడు తన ఇష్టానుసారం పెంచుకునే, తగ్గించుకునే వీలు అందులో ఉంది.

అయితే ఇంత శ్రమతో భద్రపరచినది ‘రోడ్స్’ కాదు, ఒక రోడ్స్ మాత్రమే. తాళపత్రప్రతులతో పనిచేసినవారికి ఈ భేదం వెంటనే స్ఫురిస్తుంది. ఒకే ప్రతిని పురుగు తిన్న చోట్లతో సహా యథాతథంగా అచ్చువేయడం విలువైన పనే. దానినే కావ్యమూలమని ప్రకటిస్తే ఏ పరిష్కర్తా ఒప్పుకోడు. 1970 ప్రాంతం వరకు రోడ్స్ సుత్తులకు ఫెల్టు కొసలు ఉండేవి. తరువాత నియోప్రీన్ వచ్చింది. ఆ దశకం నడుమ సుత్తుల చెక్క పోయి ప్లాస్టిక్ చేరింది. ఇవన్నీ పాఠాంతరాలు. ఒక సాంకేతిక నిపుణుడు టైన్‌ను పికప్‌కు దగ్గరగా జరిపితే అది మరొక పాఠం. ఏ పాఠాన్ని రికార్డు చేశారో చెప్పకుండా, దానికి వాద్యం పేరునే పెట్టి అమ్మడం శాస్త్రీయం కాదు.

హెరాల్డ్ రోడ్స్ స్వయంగా ఈ విషయంలో పట్టుదల చూపినవాడు. 1987లో రోలాండ్ సంస్థ ఆ పేరును కొని, దాని కింద టైన్లు లేని డిజిటల్ పియానోలను తయారుచేసింది. వాటిని ఆయన ఆమోదించలేదు. పదేళ్ల తరువాత పేరు తిరిగి ఆయన చేతికి వచ్చింది.

3. ఆవృత్తమయ్యే లోపం

శాంపుల్‌లోకి చేరిన లోపానికి జరిగే అసలు మార్పు కాలసంబంధమైనది. నిజమైన వాద్యంలో ఒక చప్పుడు ఒకసారి వస్తుంది. మరోసారి రాదు, వచ్చినా అదేలా ఉండదు. రికార్డు చేసిన చప్పుడు ఎన్నిసార్లు విన్నా అదే. దీనిని తప్పించడానికే ఒకే మీటకు ప్రత్యామ్నాయ శాంపుల్స్‌ను వంతులవారీగా వినిపించే పద్ధతి వచ్చింది. అది కూడా తన జాడను వదులుతుంది. నాలుగు ప్రత్యామ్నాయాలు వరుసగా తిరిగే వాద్యంపై ఆదితాళం ఎనిమిది అక్షరాలకూ ఒకే స్వరాన్ని వాయించి చూడవచ్చు. నాలుగింటిలో ఒకదానిలో టిక్కుమనే శబ్దం ఉంటే, అది ప్రతి ఆవర్తనంలోనూ రెండు నియతస్థానాల్లో పడుతుంది. యాదృచ్ఛికం కావలసినది లయలో భాగమైపోతుంది. వరుసను తారుమారు చేస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది కాని, నాలుగు నాలుగే.

ఇంతకన్నా లోతైన లోటు మరొకటి ఉంది. రోడ్స్‌పై ఒక స్వరం ఇంకా మోగుతూ ఉండగా అదే మీటను మళ్లీ నొక్కితే, సుత్తి కదులుతున్న టైన్‌ను తాకుతుంది. టైన్ ఆ క్షణంలో సుత్తికి ఎదురువస్తోందా, దూరంగా పోతోందా అన్నదానిని బట్టి ధ్వని మారుతుంది. నిశ్చలంగా ఉన్న టైన్‌ను తాకి రికార్డు చేసిన శాంపుల్‌కు ఈ స్థితి తెలియదు. పాత ధ్వని మీద కొత్త ధ్వనిని పేర్చడమే దానికి సాధ్యం. పునరావృత స్వరాలలో అనుభవజ్ఞులకు తోచే ‘ఏదో తక్కువైంది’ అనే భావానికి ఈ వ్యాసకర్త దృష్టిలో ప్రధానకారణం ఇదే. రొదను ఎంత పెంచినా ఆ లోటు తీరదు.

కర్ణాటక సంగీత విద్యార్థులకు ఈ చర్చ పరాయిది కాదు. తంబురాలో తీగకూ గుర్రానికీ మధ్య నూలుపోగును అటూ ఇటూ జరిపి జీవాన్ని రప్పించడం వాదకుని చెవి చేసే పని. ఎలక్ట్రానిక్ తంబురా ఆ పనిని మాన్పించి, ఫలితాన్ని మాత్రమే అందించింది.

4. అరుగుదలకు ఉన్న చరిత్ర

శాంప్లింగ్‌కు ప్రత్యామ్నాయంగా, వాద్యభౌతికాన్ని గణితంతో పునర్నిర్మించే పద్ధతి ఉంది. పియానోటెక్ వంటి సాఫ్ట్‌వేర్ ఈ కోవలోనిది. సిద్ధాంతరీత్యా పైన చెప్పిన పునస్తాడనసమస్యకు ఇక్కడ పరిష్కారం దొరుకుతుంది. వాద్యం కొత్తదో, శిథిలమైనదో నిర్ణయించే ఒక మీట కూడా ఇందులో ఉంది. దానిని జరిపేకొద్దీ శృతి, స్వరభేదం యాదృచ్ఛికంగా చెదురుతాయి.

ఈ యాదృచ్ఛికత దగ్గర నాకు అభ్యంతరం ఉంది. అరుగుదల యాదృచ్ఛికం కాదు. ఎక్కువగా వాయించే మధ్యస్థాయి మీటల దగ్గరే నియోప్రీన్ కొసలపై గాడి పడుతుంది. అంచులలోని మీటలు కొత్తవాటిలా మిగులుతాయి. ఒక వాదకుడు ఇష్టపడిన శృతులు వాద్యం దేహంపై గుర్తులుగా మిగిలిపోతాయి. వుర్లిట్జర్ రీడ్ లోహపుటలసటతో పగులు పట్టినప్పుడు ముందు శృతి తగ్గుతుంది, తరువాత విరుగుతుంది. తగ్గిన శృతి అక్కడ ఒక హెచ్చరిక. దానిని విన్న నిపుణుడు రీడ్ మార్చి, కొసనున్న సీసపుబొట్టును ఆకురాయితో గీసి శృతి సరిచేస్తాడు. శాంపుల్‌లో ఆ రీడ్ ఎప్పటికీ విరగబోతూనే ఉంటుంది, ఎన్నటికీ విరగదు. హెచ్చరిక అలంకారంగా మారింది. సరిచేయడానికి దశాబ్దాలపాటు శ్రమించిన చేతుల పని ఆ అలంకారంలో కనిపించదు.

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సమమైన, మెరిసే విద్యుత్ పియానో ధ్వనిని ఇచ్చినప్పుడు, బరువైన రోడ్స్‌ను మోసి, మాటిమాటికీ సరిచేసుకుని విసిగిన వాదకులు చాలామంది దానివైపు మళ్లారు. వారు వదిలించుకున్నదే నేడు వెలకట్టి అమ్ముడుపోతోంది. దీనిని కేవలం గతవ్యామోహమని కొట్టివేయడం తొందరపాటు. మూలవాద్యాలు తగ్గిపోతున్నకొద్దీ ఈ శాంపుల్ సంకలనాలే వాటికి సాక్ష్యపత్రాలవుతాయి. రోడ్స్‌ను ఎన్నడూ తాకని విద్యార్థి దాని ధ్వనిని వీటి ద్వారానే తెలుసుకుంటాడు. కాబట్టి ఏ సంవత్సరపు వాద్యం, ఫెల్టు కొసలా నియోప్రీన్ కొసలా, టైన్ల అమరిక ఎవరు చేశారు, మార్చిన భాగాలేవి, ధ్వని నేరుగా తీసుకున్నారా యాంప్లిఫయర్ ద్వారానా అన్న వివరాలు ప్రతి సంకలనంతోనూ రావాలి. గ్రంథపరిష్కర్త పీఠికలో ప్రతుల వివరణ ఇచ్చినట్టే, ఈ పీఠికను రికార్డింగు జరిగిన రోజునే రాసి ఉంచాలి. వాద్యం యజమాని చేయి మారాక, సుత్తుల కొసలు మార్చేశాక ఆ వివరాలను తిరిగి సేకరించడం సాధ్యం కాదు.