నోటికి ఒకటి, చెవికి పది

తెలుగు రానివాళ్లకు తెలుగు నేర్పాలనుకున్న వాళ్లెవరైనా మొదటి పాఠంలోనే చిక్కులో పడతారు. ‘నేను వస్తున్నాను’ అని చెప్పించాలా, ‘నేను వస్తున్న’ అని చెప్పించాలా? గోదావరిఖనిలో పుట్టి పెరిగిన నాలాంటి పిల్లకు ఇది వ్యాకరణంతో తేలిపోయే ముచ్చట కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి నేను అన్నదీ విన్నదీ ‘వస్తున్న’నే. బడి పుస్తకంలో, విదేశీయుల కోసం అచ్చువేసిన వాచకాల్లో ఉన్నది మాత్రం ‘వస్తున్నాను’. నా నోట్లో ఉన్నదాన్ని పక్కన పెట్టి పుస్తకంలో ఉన్నదాన్ని పట్టుకుని దేశం దాటాలా అన్నది ఈమధ్య నన్ను వదలని ఆలోచన.

హైదరాబాద్‌లో ఫ్రెంచి ఎమ్మే చదువుతున్నాను. చదువయ్యాక బయటి దేశంలో తెలుగు చెప్పాలని ఆశ. సాఫ్ట్‌వేర్ కాదు, నర్సింగ్ కాదు, ఫ్రెంచి చదివి తెలుగు చెప్పుడేందని మా కాలనీలో చాలామందికి అనుమానం. వాళ్లకు నేను చెప్పే జవాబు మారిషస్. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల మునిమనవలు అక్కడున్నారు. ఫ్రెంచి మీద పుట్టిన క్రియోల్ వాళ్ల ఇంటి భాష. అయినా ఉగాదికి ఆ దేశం సెలవిస్తుంది, బడుల్లో తెలుగు ఒక సబ్జెక్టు, మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు శాఖ ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఆ దేశంలోనే. నోట తెలుగు లేకున్నా మేం తెలుగువాళ్లమనే పిల్లలకు పాఠం చెప్పాలంటే, వాళ్లు ఏ భాషలో ఆలోచిస్తారో పంతులమ్మకు తెలిసి ఉండాలి. ఫ్రెంచి నాకు అందుకే.

ఇదంతా విని మా బాపు ఒకటే అడిగిండు. “బిడ్డా, ఆ పోరగాళ్లకు మన తెలుగు చెప్తవా, పేపర్ తెలుగు చెప్తవా?” ముందుగాల పేపర్ తెలుగే అన్నాను. “గట్లయితె మనది తక్కువదా?” అన్నడు. కాదని అప్పుడే అన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పాలంటే ఈ వ్యాసమంతా పడుతుంది.

మా గోదావరిఖని ఉన్న రామగుండం చుట్టుపక్కల చెవికి పని ఎక్కువ. సింగరేణి బొగ్గుగనుల కాలనీల్లో కరీంనగర్, వరంగల్ పల్లెల మాట. 1978లో పునాది పడ్డ ఎన్టీపీసీ వెంట జ్యోతినగర్‌కు దేశం నలుమూలల నుంచి వచ్చిన ఇంజినీర్ల హిందీ, ఇంగ్లిషు. ఎరువుల ఫ్యాక్టరీ క్వార్టర్లలో కోస్తా యాస. బజార్లో ఉర్దూ. కాంట్రాక్టు పనులకు బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల మాటలు వీటి మీద మరో పొర. బాయి భాష, అంటే బొగ్గుగని భాష, సంగతి వేరే. “ఫస్ట్ షిఫ్ట్ల మస్టర్ పడ్డదా? రేపు ప్లేడే ఉన్నది, నాగా పెట్టకు” అంటే, హాజరు పడిందా, రేపు సెలవునాటి డ్యూటీ ఉంది, మానకు అని ఖనిలో పసిపిల్లకైనా అర్థమవుతుంది. ఇదే మాట హైదరాబాద్‌లో నా రూమ్మేట్లకు వినిపిస్తే సగం తెలిసి సగం తెలియక నవ్వుతారు. వాళ్లూ తెలుగువాళ్లే.

బతుకుతెరువుల భాషకు మన దగ్గర గట్టి గౌరవమే దక్కింది. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి నడిపిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద వచ్చాయి. ఊరూరా తిరిగి రైతుల నోట, నేతగాళ్ల నోట విన్నవి ఏరి పెట్టిన పని అది. తెలుగు మాండలికాల హద్దులు ఎక్కడెక్కడ పడతాయో చూపడానికి ఆ మాటలే ఆయనకు ఆధారమయ్యాయి. అదే కృష్ణమూర్తి, గ్విన్‌తో కలిసి 1985లో బయటి లోకం కోసం ఆధునిక తెలుగు వ్యాకరణం ఇంగ్లిషులో రాసినప్పుడు చదువుకున్నవాళ్ల శిష్టభాషను తీసుకున్నారు. ఒకే మనిషి రెండు పనులూ చేశాడు. ఒకటి చేస్తే రెండోదాన్ని కించపరిచినట్టని ఆయన అనుకోలేదు. నాకు ధైర్యమిచ్చింది అదే.

ధైర్యం ఆయనదైతే, పద్ధతి మా బాపుది. బాపు బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యిండు. సర్దార్ షిఫ్టులో ముందుగా చేసే పని కప్పు చూసుడు. కర్రతో పైకప్పును తట్టి, చెవి పెట్టి వింటారు. గట్టి కప్పు ఖంగుమంటది, పొర వదిలిన కప్పు డొల్లగా మోగుతది. క్యాప్ ల్యాంపు వెలుగులో రెండూ ఒక్కతీరుగానే ఉంటాయి, తేడా పట్టేది చెవే. కొత్తగా వచ్చినవాళ్లను పక్కన నిలబెట్టుకుని ఒకే చోట మళ్లీ మళ్లీ తట్టి వినిపించేవాడట. చెవికి తేడా అందిందాకా కర్ర వాళ్ల చేతికి ఇచ్చేవాడు కాదు. భాష నేర్పడంలో నేను నమ్మే వరస కూడా ఇదే.

ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు నాకు అట్లనే పట్టుబడ్డాయి. మన నోరు వాటి చివర ఊరికే ఒక ‘న్’ తగిలిస్తుంది. నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించి పెట్టి, పైకి లేవనీయకుండా గాలిని ముక్కులోకి వదలాలి. ముందు రికార్డింగు విని, గొంతుతో గొంతు కలిపి అని, మళ్లీ నా గొంతు నేనే విని సరిచూసుకోవాలి. రేపు ఫ్రెంచి, క్రియోల్ అలవాటైన పిల్లలకు తెలుగు చెప్పేటప్పుడు కష్టం అటు మారుతుంది. ఫ్రెంచిలో త, ద ధ్వనులు పళ్ల దగ్గరే పలుకుతాయి, మన ట, డ, ణ, ళ లేవు. నాలుకను వెనక్కి మడిచి అంగిలికి తాకించమని బొమ్మ వేసి చూపొచ్చు. అంతకుముందు ‘కల’కూ ‘కళ’కూ తేడా చెవికి అందకపోతే బొమ్మ వల్ల ఏమీ కాదు.

అందుకే నా పాఠానికి ఒక సూత్రం పెట్టుకున్నాను. నోటికి ఒకటి, చెవికి పది. మాట్లాడటానికి మొదట్లో ఒకే రూపం ఇవ్వాలి, లేకపోతే నేర్చుకునేవాడు తికమకపడతాడు. వాడు ‘వస్తున్నాను’ అనే అననీ. వినడానికి మాత్రం మొదటి వారం నుంచే పది రకాలు ఇవ్వాలి. ఒకే మాటను శ్రీకాకుళం మనిషి, గుంటూరు మనిషి, గోదావరిఖని మనిషి ఎట్లంటరో వినిపించాలి. మారిషస్ పిల్లలకు ఇది మరీ అవసరం. వాళ్ల పూర్వీకుల్లో చాలామంది ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పోయినవాళ్లు. వాళ్ల వాచకం భాష అది కాదు, చెప్పబోయే నా భాషా అది కాదు. ఆ ముత్తాతల మాట ఎట్లుండేదో వాళ్ల చెవిన వేయగలిగితే చాలు. చదువు ముదిరాక, ఈ బొగ్గు నేల నుంచి రాసిన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలు చేతిలో పెట్టొచ్చు.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మా పక్కనున్న మంథనికి 1957 నుంచి ఇరవై ఏళ్లు ఎమ్మెల్యేగా ఉన్న పీవీ నరసింహారావు, కోస్తా తెలుగులో విశ్వనాథ రాసిన ‘వేయిపడగలు’ను హిందీలోకి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చారు. ఇంటి యాస ఆయనకు ఎక్కడా అడ్డం రాలేదు. గోదావరి దాటి ఉత్తరాన మార్లవాయిలో, ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940ల్లో గోండు పిల్లలకు గోండిలోనే తొలి వాచకాలు రాయించి, గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేయించాడు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు ముందు విద్యార్థుల భాషను విన్నాడు. ఇక్కడి నుంచి పోయే నేనూ అదే చేయాలి.

మనది తక్కువదా అన్న బాపుకు ఇప్పుడు నా జవాబు సిద్ధంగా ఉంది. మనది వినిపించే పాఠం, పేపర్‌ది పలికించే పాఠం. వినిపించే పాఠానికి గొంతు కావాలి కాబట్టి, ఫోన్లో ఆయన గొంతే రికార్డు చేస్తున్నాను. కప్పు తట్టిన కథ, మస్టర్ కథ, సమ్మె రోజుల కథ. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ఒక్క మాట కూడా దిద్దొద్దు. ఆఖరి పరీక్ష ఎట్లుండాలో కూడా అనుకున్నాను. నా విద్యార్థి ఎప్పుడైనా గోదావరిఖని బస్టాండులో దిగి, ఆటో అన్న అడిగింది అర్థం చేసుకుని, తనకొచ్చిన వాచకం తెలుగులోనే బేరమాడి కిరాయి తగ్గించుకుంటే పాసైనట్టే.