డఫ్ పట్టిన చేతిలో కుంచె

పాతబస్తీ పెళ్లి బరాత్‌ల వెంట మర్ఫా వాద్య బృందంతో తిరుగుతూ, సామాను మోస్తూ, కాగితాల మంట మీద డఫ్ చర్మాన్ని కాచి బిగువు తెచ్చిన మనిషి కుంచె పడితే ఆ పనితనం దుకాణాల షట్టర్ల మీద చూడాలి. మొహర్రం నెలలో ఇక్కడ పెళ్లిళ్లు అరుదు. ఆ ఖాళీ రోజుల్లో అందుకున్న పని ఇది. ముందు చాక్‌పీసు పొడి అద్దిన దారాన్ని రెండు చివరలా బిగించి, మధ్యలో లాగి టప్పున వదులుతాడు. రేకు మీద తిన్నని గీత పడుతుంది. ఎనామిల్ రంగులో కాస్త టర్పెంటైన్ కలిపి, కారిపోకుండా, కుంచెకు అడ్డుపడకుండా ఉండే చిక్కదనం చూసుకుంటాడు. ఎడమ చేతిలో ఊతకర్ర, దాని మీద కుడి మణికట్టు. ఉర్దూ పేరు కుడివైపు నుంచి నస్తాలీఖ్ లిపి వాలుతో కిందికి జారుతూ వస్తుంది. అక్షరం పొడవుకు నుక్తా చుక్కే కొలబద్ద. తెలుగు పేరు ఎడమ నుంచి మొదలై గుండ్రంగా, నిండుగా సాగుతుంది. రేకు గాడుల్లోకి దిగి మళ్లీ పైకెక్కినా గీత వంకరపోదు. చివర్లో నలుపుతో నీడ వేస్తే అక్షరం లేచి నిలబడుతుంది. డఫ్ మీద దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం తెలిసిన చెయ్యి కాబట్టి, అక్షరాల మధ్య ఎంత చోటు వదలాలో దానికి తెలుసు. గాజుల కొట్టు, అత్తరు దుకాణం, దర్జీ షాపు పేర్లు వీధి చివరి నుంచే చదువుకోగలుగుతున్నామంటే ఈ నేర్పు పుణ్యమే. చదువు రానివారికి దర్జీ షాపు పేరు పక్కనే వేసిన కత్తెర బొమ్మ దారి చూపుతుంది. ఫ్లెక్సీ ఎండకు వెలిసి గాలికి చిరుగుతుంది, మంచి ఎనామిల్ రాత ఏళ్ల తరబడి నిలుస్తుంది. కొత్తగా దుకాణం తెరిచేవాళ్లు బోర్డు పనిని ఇలాంటి చేతికే అప్పగించండి.