మొహీన్ గుర్రాలు: పాటలో ఒక చిన్నపత్రిక

పాట అభ్యుదయకరమా కాదా అని తేల్చడానికి మన విమర్శకులు సాధారణంగా రెండే పరీక్షలు పెడుతూ వచ్చారు. మాటల్లో పోరాటం ఉందా అన్నది ఒకటి. బాణీ జనం నోట పలికేదేనా అన్నది రెండోది. ఈ పరీక్షలు వృథా అని నేననను. కానీ ఈ రెండింటికీ లొంగని పాట ఎదురైనప్పుడు మనం దాన్ని ‘మధ్యతరగతి వైయక్తిక ధోరణి’ అనో, ‘పాశ్చాత్య అనుకరణ’ అనో ఒక్క మాటతో తోసిపుచ్చుతున్నాం. కలకత్తాలో పుట్టిన ‘మొహీనేర్ ఘోడాగులి’ అనే గాయక బృందం చరిత్ర ఈ తొందరపాటును ప్రశ్నిస్తుంది.

బృందానికి కేంద్రబిందువు గౌతమ్ చట్టోపాధ్యాయ. ఆయన యౌవనంలో పార్క్ స్ట్రీట్‌లో ఇంగ్లీషు పాటలు వాయించినవాడు. తర్వాత నక్సల్‌బరీ ఉద్యమంలోకి వెళ్ళి జైలు చూశాడు. విడుదలయ్యాక కొంతకాలం బెంగాల్ వెలుపల మందుల కంపెనీ రిప్రజెంటేటివుగా తిరిగి మళ్ళీ కలకత్తా చేరుకున్నాడు. 1975 ప్రాంతాల్లో తమ్ముళ్ళనూ మిత్రులనూ కలుపుకొని ఏడుగురితో ఈ బృందం కట్టాడు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి సహజంగానే శ్రీకాకుళం గుర్తుకు వస్తుంది. 1967లో నక్సల్‌బరీలో లేచిన గాలి మన కొండల్లోకి వచ్చినప్పుడు సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను చేపట్టాడు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పల్లె బాణీలను వెతుక్కుంటూ వెళ్ళింది. అదే గాలికి కదిలిన మనిషి కలకత్తాలో గిటారు అందుకున్నాడు. ఒకటి పురోగమనం, మరొకటి పలాయనం అని తేల్చడం సులభమే. కానీ పాణిగ్రాహి పాడింది పోరు సాగుతున్న రోజుల్లో. గౌతమ్ పాడింది ఓడి, చెదిరిపోయి, అత్యవసర పరిస్థితిలో నోరు మూతబడిన నగరంలో. ఓటమి తర్వాత మిగిలిన నిశ్శబ్దానికి కూడా ఒక బాణీ కావాలి. బృందగానంలో అది ఒదగదు.

బృందానికి మొదట ‘సప్తర్షి’ అనీ, ఆ తర్వాత ‘తీరందాజ్’ అనీ పేర్లుండేవి. చివరికి నిలిచిన పేరు రంజన్ ఘోషాల్ సూచించినది. అది జీవనానంద దాస్ ‘సాత్‌టి తారార్ తిమిర్’ (1948) సంపుటిలోని ‘ఘోడా’ కవిత నుంచి వచ్చింది. ఒక పాప్ బృందం తన పేరును ఆధునిక కవి దగ్గర, అందులోనూ కష్టమైన కవి దగ్గర తీసుకోవడం చిన్న విషయం కాదు. తాము ఏ వరసలో నిలబడదలచారో వాళ్ళు ఆ పేరుతోనే చెప్పారు.

1977లో వచ్చిన తొలి రికార్డు పేరు ‘సంవిగ్న పాఖికుల్ ఓ కలకాతా విషయక్’. మనకు దాదాపు అనువాదం అక్కరలేదు: కలతపడ్డ పక్షికులం, కలకత్తా నగరం గురించి. పాటల రికార్డుకు పరిశోధన వ్యాసం లాంటి శీర్షిక! ఈ వెక్కిరింత అప్పటి బెంగాలీ ‘ఆధునిక’ పాటలోని తీయదనాన్ని ఉద్దేశించినదే. 1978లో రెండోది, 1979లో మూడోది వచ్చాయి. గిటారు, వయొలిన్, శాక్సఫోన్‌ల పక్కన బావుల్ గాయకుల వరస చేరింది. తమ సంగీతాన్ని ‘బావుల్ జాజ్’ అని వాళ్ళే పిలుచుకున్నారు. వినేవాళ్ళు మాత్రం కొద్దిమందే. 1981లో బృందం చెదిరిపోయింది. ఎవరి ఉద్యోగాలకు వాళ్ళు వెళ్ళారు. గౌతమ్ సినిమా వైపు మళ్ళి ‘నాగమతి’ తీశాడు.

వాళ్ళను అప్పటి వామపక్ష సాంస్కృతిక వాతావరణం ఆదరించకపోవడంలో వింత లేదు. 1980లలో బెంగాల్ ప్రభుత్వంలోని ఒక మంత్రి ఉషా ఉతుప్ పాటను అపసంస్కృతి అని ప్రభుత్వ వేదికలు నిరాకరిస్తే, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది. వాయిద్యాన్ని బట్టి వర్గాన్ని నిర్ణయించే విమర్శ అది. మన దగ్గర కూడా దాని బంధువులున్నారు.

అసలు విశేషం తర్వాత జరిగింది. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ ‘తోమాకే చాయ్’ కేసెట్టు కొత్త శ్రోతలను తయారుచేసింది. 1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో ‘ఆబార్ బఛర్ కుడి పరే’ విడుదలైంది. ఈ పేరులోనూ జీవనానందుడే పలుకుతాడు. ఇందులో ఇతరుల పాటలు, కొత్తవాళ్ళ గొంతులు కూడా ఉన్నాయి. వాటిని ‘మొహీనేర్ ఘోడాగులి సంపాదితం’ అన్నారు. అంటే బృందం సంపాదకుడి పాత్ర తీసుకుంది! 1990ల చివరిదాకా మరికొన్ని సంకలనాలు ఇలాగే వచ్చాయి. నేను దీన్ని చిన్నపత్రిక అనడం ఇందుకే. అప్పుచేసి నాలుగు సంచికలు తెచ్చి, ఆగిపోయి, ఇరవై ఏళ్ళకు తర్వాతి తరాన్ని అచ్చువేసే పత్రికలను మనం ఎరుగుదుం. పాటలో ఆ పని చేసినవాళ్ళు అరుదు.

ఆ 1995 సంకలనంలోని ‘పృథిబీటా నాకి’ పాటలో ఉపగ్రహాలూ కేబుళ్ళూ ప్రపంచాన్ని కుదించి ముందుగదిలోని పెట్టెలో బంధించాయన్న ఎత్తిపొడుపు ఉంది. మనిషికీ మనిషికీ మధ్య దూరం మాత్రం తరగలేదన్న బాధ ఉంది. దేశంలోకి ఉపగ్రహ టెలివిజన్ దిగిన నాలుగైదేళ్ళకే ఈ మాట అనగలిగారు. 2006లో ప్రీతమ్ సంగీతంతో ‘గ్యాంగ్‌స్టర్’ హిందీ చిత్రంలో ఇదే బాణీ ‘భీగీ భీగీ’ అయింది. ఢాకా గాయకుడు జేమ్స్ పాడాడు. అందులో టెలివిజన్ లేదు, విరహం ఉంది. మా పదో తరగతి పిల్లలు దాన్ని ఈల వేస్తుంటే విన్నాను. బాణీ మిగిలింది, వస్తువు రాలిపోయింది. మాటల్లో మాత్రమే అభ్యుదయాన్ని వెతికేవాళ్ళూ, బాణీ బతికితే చాలుననుకునేవాళ్ళూ ఈ ఒక్క పాటను పక్కపక్కన పెట్టుకొని వినవలసి ఉంది.

నాకు అభ్యంతరాలు లేకపోలేదు. ఈ పాటల్లో నగరం ఎక్కువగా కిటికీలోంచి కనబడే నగరం. ఆ వీధిలో మోత మోసేవాడి గొంతు వినిపించదు. బావుల్ స్వరం వచ్చింది గాని, బావుల్ బతుకు అంతగా రాలేదు. కొన్ని చోట్ల పదాల చమత్కారం తనను చూసి తానే మురిసిపోతుంది. 1999 జూన్‌లో గౌతమ్ చనిపోయాక అల్లుకున్న వీరగాథ మరో ఇబ్బంది. ఏడుగురి పని ఒక్కడి పేర స్థిరపడింది. పేరు పెట్టిన రంజన్ ఘోషాల్, ఆదినుంచీ ఉన్న తాపస్ దాస్, అబ్రహాం మజుందార్ వంటివారు ఆ నీడలోనే మిగిలారు. తాపస్ దాస్‌కు కేన్సరు వచ్చినప్పుడు వైద్యం ఖర్చుకు గాయకులూ శ్రోతలూ కలిసి కచేరీలు చేసి చందాలు పోగుచేశారు. 2023 జూన్‌లో ఆయన పోయాడు.