ఎవరి హిసాబ్‌లో మాజర్ గోలు?

ఏటా యూరప్ కప్పు ఫైనల్ దగ్గరపడేసరికి మా బల్ల మీదికి ఒక జాబితా వస్తుంది. యూరప్ క్లబ్బుల పోటీల చరిత్రలో అందరికన్నా గొప్ప ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఎవరని. పొద్దున ఒక పేజీకి తెలుగులో రాస్తాం, సాయంత్రం ఇంకో పేజీకి ఉర్దూలో రాస్తాం. రొనాల్డో, మెస్సీ, డి స్టెఫానో, పుష్కాష్, క్రైఫ్, జిదాన్. వరస అటూ ఇటూ అవుతుందే తప్ప పేర్లు పెద్దగా మారవు. ఆ పేర్లతో మాకు పేచీ లేదు. మా పేచీ కొలబద్దతో.

మొదటి కొలబద్ద గోల్స్ లెక్క. క్రిస్టియానో రొనాల్డో 183 ఆటల్లో 140 కొట్టాడు. డి స్టెఫానో 58 ఆటల్లో 49 కొట్టాడు. మొత్తం చూస్తే మొదటివాడు ఎక్కడో, రెండోవాడు ఎక్కడో. కానీ 1960లో రియల్ మాడ్రిడ్ కప్పు గెలవడానికి ఆడింది 7 ఆటలే. 2024లో వచ్చిన పద్ధతిలో గెలిచే జట్టు 15 ఆడాలి, లేదంటే 17. ఏడు మెతుకుల విస్తరినీ పదిహేడు మెతుకుల విస్తరినీ పక్కపక్కన పెట్టి ఎవడు బాగా తిన్నాడని అడిగితే ఏం చెప్తాం? డి స్టెఫానో 1956 నుంచి 1960 దాకా వరసగా అయిదు ఫైనల్స్‌లోనూ గోలు కొట్టాడు. మొత్తాల పట్టికలో ఇది కనబడదు.

రెండో కొలబద్ద బాలన్ డోర్, బంగారు బంతి. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ అనే పత్రిక 1956 నుంచి ఇస్తోంది. "ఇన్నిసార్లు బంగారు బంతి గెలిచాడు" అనగానే జాబితా తయారుచేసేవాళ్ళకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. అసలు మా బాధ ఇక్కడే.

1987 మే 27, వియన్నా. పోర్చుగల్ క్లబ్బు పోర్టో, జర్మనీ క్లబ్బు బయెర్న్ మ్యూనిక్. బయెర్న్ ఒక గోలు ముందుంది. ఆట ముగియడానికి పావుగంట కూడా లేదు. గోలు ముందుకి వచ్చిన బంతిని రాబహ్ మాజర్ వెనక్కి తిరిగి చూడకుండా మడమతో తోసేశాడు. గోలు. కాసేపటికే ఎడమవైపు నుంచి బంతి అందించి జువారీ చేత రెండోది కొట్టించాడు. పోర్టోకి అది మొట్టమొదటి యూరప్ కప్పు. ఆనాటినుంచి ఫ్రెంచి జబాన్‌లో మడమతో కొట్టే గోలుకి పేరే 'మాజర్'. ఒక అల్జీరియా మనిషి పేరు వాళ్ళ భాషలో మామూలు మాటైపోయింది.

కానీ ఆ ఏడు బంగారు బంతికి మాజర్ పేరు పరిశీలనకే రాలేదు. రావడానికి వీల్లేదు. 1994 దాకా అది యూరప్ దేశాల ఆటగాళ్ళకే. ఆడింది యూరప్‌లో, గెలిపించింది యూరప్ క్లబ్బుని, మనిషి మాత్రం అల్జీరియావాడు. ఆయనకి ఆఫ్రికా బంగారు బంతి వేరే ఇచ్చారు. అదే పత్రిక, వేరే విస్తరి. ఆ ఏడు అసలు బంతి రూడ్ గుల్లిట్‌కి వెళ్ళింది. ఆయన మీద మాకు కోపం లేదు. జైల్లో ఉన్న నెల్సన్ మండేలాకి దాన్ని అంకితమిచ్చిన మనిషి ఆయన. 1995లో నిబంధన మారింది. ఆ ఏడే లైబీరియావాడు జార్జ్ వియా గెలిచాడు. తలుపు తీసిన మొదటి ఏడే ఒక ఆఫ్రికావాడు లోపలికి వచ్చాడంటే, అంతకుముందు బయట ఎందరు నిలబడ్డారో ఆలోచించండి.

లోపలికి రానిచ్చింది కూడా ఏ షరతు మీద? డి స్టెఫానో అర్జెంటీనాలో పుట్టాడు. స్పెయిన్ పౌరుడయ్యాక 1957లో, 1959లో బంగారు బంతి వచ్చింది. యుసేబియో పుట్టింది పోర్చుగల్ వలస మొజాంబిక్‌లో. ఇరవై ఏళ్ళ వయసులో, 1962 ఫైనల్లో, బెన్ఫికా రియల్ మాడ్రిడ్‌ని 5-3తో ఓడిస్తే అందులో రెండు ఆయనవి. 1964లో మొజాంబిక్ స్వాతంత్ర్యం కోసం తుపాకీ పట్టింది. 1965లో యుసేబియోకి బంగారు బంతి వచ్చింది, పోర్చుగల్ పేరు మీద. గోలు కాలిది, ఇజ్జత్ మాత్రం పాస్‌పోర్టుది.

ఉర్దూలో 'హమ్' అంటే చాలు. తెలుగులో రెండు మాటలున్నాయి. 'మనం' అంటే ఎదుటివాడూ ఉంటాడు, 'మేం' అంటే ఉండడు. యూరప్ క్లబ్బు గెలిచిన రాత్రి మాజర్ 'మనం'. లెక్కలు రాసే పొద్దున 'మేం'. ఈ తేడా ఏమిటో మాకు ఎవరూ వివరించక్కర్లేదు.

అయితే మా సంగతి కూడా చెప్పాలి. జాబితా రాగానే మేం ఏం చేస్తాం? మనవాళ్ళెవరని వేలు పెట్టి వెతుకుతాం. 2002లో గ్లాస్గోలో లెవర్కూసెన్ మీద ఎడమకాలితో గాలిలోనే కొట్టిన జిదాన్ దొరుకుతాడు. 2022లో పారిస్ మీదా చెల్సీ మీదా మూడేసి గోల్స్ కొట్టి బంగారు బంతి అందుకున్న బెంజెమా దొరుకుతాడు. సంబరపడతాం. మరి రేమండ్ కోపా? పోలెండ్ నుంచి ఫ్రాన్సుకి వలస వచ్చిన ఇంటి పిల్లవాడు, చిన్నప్పుడే గనిలోకి దిగి వేలు పోగొట్టుకున్నవాడు, కోపాషెవ్‌స్కీ అనే ఇంటిపేరు కత్తిరించుకుని కోపా అయినవాడు. మూడు యూరప్ కప్పులు గెలిచాడు. మరి పుష్కాష్? 1956లో హంగరీ తిరుగుబాటుని సోవియట్ ట్యాంకులు తొక్కేసినప్పుడు ఆయన క్లబ్బు దేశం బయట ఉంది. ఆయన తిరిగి వెళ్ళలేదు. ఆట మీద నిషేధం పడింది. రియల్ మాడ్రిడ్ చేర్చుకునేనాటికి 31 ఏళ్ళు. రెండేళ్ళకి ఫ్రాంక్‌ఫర్ట్ మీద 7-3తో గెలిచిన ఫైనల్లో నాలుగు గోల్స్ ఆయనవే.

వీళ్ళ బతుకుల్లో మా బతుకు లేదా? పేరు చూసి జిదాన్‌ని ఉంచుకుని కోపాని వదిలేస్తే, మేమూ తలుపు దగ్గర పాస్‌పోర్టు అడుగుతున్నట్టే. ఆ పత్రిక 39 ఏళ్ళు చేసిన పనే మేమూ చేస్తున్నట్టు. ఈ మాట మావాళ్ళలో కొందరికి నచ్చకపోవచ్చు. అయినా అనాలి.

మరి ఎలా కొలవాలి? ఆ మనిషి లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో చూడాలి. ఆయన చేసిన పని తరవాతివాళ్ళ కాళ్ళల్లోకి వచ్చిందా అని చూడాలి. ఎన్ని ఆటల్లో ఎన్ని అన్నది పక్కనే రాయాలి. ఏ బహుమతి ఎవరికి మూసి ఉండేదో కూడా రాయాలి. ఇలా కొలిస్తే రొనాల్డో పడిపోడు, మెస్సీ పడిపోడు. వాళ్ళ పక్కన ఇంకొందరికి చోటు దొరుకుతుంది, అంతే.

వచ్చే మే నెలలో మళ్ళీ జాబితా వస్తుంది. మేం మళ్ళీ రెండు భాషల్లోకీ మారుస్తాం. ఈసారి బంగారు బంతుల లెక్క పక్కన ఒక వాక్యం చేరుస్తాం: 1994 దాకా ఇది యూరప్‌వాళ్ళకే ఇచ్చేవారు. కింద ఇంకో వాక్యం: 1987లో వియన్నాలో మడమతో గోలు కొట్టినవాడి పేరు రాబహ్ మాజర్.