చెరువును కట్టినవారు, కాచినవారు

అనుపమ్ మిశ్ర (1948–2016) హిందీలో వ్రాసిన 'ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్' 1993లో ఢిల్లీలోని గాంధీ శాంతి ప్రతిష్ఠానము వెలువరించినది. ఆయన సుప్రసిద్ధ కవి భవానీప్రసాద్ మిశ్ర కుమారుడు. గ్రంథస్వామ్యము తనకు అక్కరలేదని, కోరినవారెవరైనను అచ్చువేసికొనవచ్చునని విడిచిపెట్టిన కారణమున ఈ చిన్న పుస్తకము ఎన్నో భాషలకు, ఎన్నో ఊళ్ళకు చేరినది. 'ఖరా' అను మాటను తెలుగులో 'మేలిమి' అనవచ్చును. గీటురాతికి నిలిచిన బంగారమునకు చెప్పు మాట. కట్టలు తెగి, పూడిక నిండి, ఇండ్లస్థలములుగా మారిపోవుచున్న చెరువులను మేలిమి అనుట సాహసమే. ఆ సాహసమునకు తగిన నిరాడంబరమైన గద్యము ఆయనకు గలదు.

ఈ పుస్తకపు బలమంతయు పేర్లలో ఉన్నది. చరిత్రకారులు రాజుల పేర్లు చెప్పుచోట మిశ్ర పనివారి పేర్లు చెప్పినారు. గజము చేతబట్టి నేలను కొలిచి చెరువును తీర్చు గజ్‌ధర్లు, మట్టి మోయు ఓఢీలు మొదలైనవారికి ఒక అధ్యాయమే కేటాయించినారు. 'గజ్‌ధర్'కు తెలుగున సరియైన మాట దొరకదు. ఉప్పరి, వడ్డెర అను పేర్లు మట్టిపనిని, రాతిపనిని తెలుపునే గాని కొలత తెలిసిన పెద్దను తెలుపవు. 'మేస్త్రీ' అన్నచో స్థాయి తగ్గును. అనువాదకుడు ఇచ్చట హిందీ మాటనే నిలుపుకొనుట మేలు.

తెలుగు పాఠకునికి చెరువు మహిమ కొత్త గాదు. కుమారునితో, కావ్యముతో, దేవాలయముతో సమముగా చెరువును సప్తసంతానములలో చేర్చిన సంప్రదాయము మనది. కాని అది చాలవరకు కట్టించినవాని పక్షము. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనమునే చూడవచ్చును. 1369 నాటి ఈ సంస్కృత శాసనము మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు కట్టించిన అనంతరాజ సాగరమును గూర్చినది. వెయ్యిమంది కూలీలు రెండేండ్లు పనిచేసినారని అందున్నది. అంతకన్న విలువైనది అందలి శాస్త్రభాగము: మంచి చెరువునకు పన్నెండు సాధనములు, ఆరు దోషములు. ధర్మపరుడు, ధనవంతుడునైన రాజు, జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తీయని నీటి నది, కట్టను ఇరుప్రక్కల పట్టి నిలుపు కొండ, పొడవైన రాళ్ళు దొరకు గని, క్రింద చదునైన పొలము, నిర్మాణము నేర్చిన మనుష్యులు, ఇట్లు వరుస సాగును. కట్ట చెమర్చుట, చవుడు నేల, చెరువు నడుమ మెట్ట, నీటికిని ఆయకట్టునకును పొత్తు కుదరకుండుట వంటి దోషములు ఎవరికైనను తోచునవే. అయితే చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుటయు ఒక దోషమని శాసనకర్త చెప్పినాడు. అది మట్టిని గూర్చిన మాట గాదు, మనుష్యులను గూర్చిన మాట. ఎవరిదో తేలని నీరు నిలువదని ఆయనకు తెలియును. అంత తెలిసినవాడు పన్నెండు సాధనములలో కట్టువారిని చెప్పినాడు, కాచువానిని చెప్పలేదు. పదమూడవది ఆ జాబితాలో లేదు.

ఆ పదమూడవవాడే నీరటి. రాయలసీమలో నీరుగంటి. ఎవరి పొలమునకు ఎంతసేపు, ఏ జాములో నీరు పారవలెనో అతనికి నోటికి వచ్చును. తూము తెరచుట, మూయుట అతని పని. వానరాత్రి అందరు తలుపులు వేసికొన్నవేళ అతడు కట్టమీద నడచి ఎండ్రకాయ బొరియలు వెదకవలెను, అలుగు పారుచున్నదో లేదో చూడవలెను. జీతము కళ్ళములో కొలిచి ఇచ్చు గింజలు. చాలచోట్ల ఈ పని మాల, మాదిగ కుటుంబములది. మిశ్ర నీరుగంటిని గౌరవముతో తలచినారు. అది ఆయన సంస్కారము. అయితే పాతవ్యవస్థను మెచ్చువారు చెప్పు వాదమొకటి గలదు: నీరు పంచువానికి సొంత పొలము లేదు గనుక పక్షపాతము ఉండదని. న్యాయమునకు యోగ్యత పొలము లేకపోవుటయే అయినచో, పొలము గలవారెల్లరు దేనికి యోగ్యులో ఆ వాదము చెప్పదు. మిశ్ర పుస్తకము కూడ ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు.

ఆయన మూలపదము 'సమాజ్'. చెరువును నిలిపినది రాజు గాదు, ప్రభుత్వము గాదు, సమాజమే అనునది ఆయన సిద్ధాంతము. హిందీలో ఆ మాటకు మట్టివాసన గలదు. తెలుగులో 'సమాజము' సభావేదిక మాట. చెరువు గట్టున ఆ మాట ఎవరును అనరు, 'ఊరు' అందురు. 'ఊరంతా కలిసి పూడిక తీసిరి' అన్న వాక్యము సహజముగా వినబడును. చిక్కు అచ్చటనే మొదలగును. తెలుగున ఊరు ఒంటరి మాట గాదు. దాని ప్రక్కన 'వాడ' ఉన్నది. ఊరు నీరు త్రాగు రేవు వేరు, వాడ నీరు త్రాగు రేవు వేరు. 1985 జూలైలో కారంచేడున మాదిగవాడ త్రాగునీటి చెరువును పాడుచేయవద్దని అడ్డుపడిన మాటతో మొదలైన తగవు 17వ తేదీన ఆరుగురి హత్యకు దారితీసినది. ఆ తరువాతి తెలుగు దళిత సాహిత్యము చెరువును చూచిన చూపు మిశ్ర చూపు గాజాలదు. 1927 మార్చిలో అంబేద్కర్ మహాడ్‌లోని చవదార్ చెరువు నీరు దోసిట త్రాగినది దాహము తీర్చుకొనుటకు గాదు గదా. 'సమాజ్'ను 'ఊరు'గా మార్చిన అనువాదకుడు తెలియకయే మూలమును విమర్శించినవాడగును. హిందీ వాక్యము కప్పిన గీత తెలుగున బయటపడును.

చట్టములు కూడ ఈ గీతను చెరపలేదు. రైతులు కలిసి చేసికొను కుడిమరమ్మత్తును 1858 నాటి మద్రాసు చట్టము నిర్బంధము చేసినది. అలవాటు బలముగా ఉన్నచో ఆ చట్టము అవసరమే కలుగదు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము నీటివినియోగదారుల సంఘములను ఏర్పరచి, ఓటును ఆయకట్టు భూమి గలవారికి, కౌలుదారులకు ఇచ్చినది. భూమిలేని నీరటి చెరువును చూచునే గాని చెరువును గూర్చి ఓటు వేయలేడు.

పైన చెప్పిన 1858లోనే అండమానున పోర్ట్ బ్లెయర్‌లో ఖైదీల వలస నెలకొన్నది. నేటి ఆ పట్టణములో (2024లో శ్రీ విజయపురమని పేరు మార్చినారు) మిన్నీ బే సముద్రపు పాయ అంచున ఉన్న పేట. 2011 జనాభా లెక్కలలో ఆ ద్వీపములలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. పొరుగున బెంగాలీలు, తమిళులు; అందరి నడుమ హిందీ. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వరకు వాన కురియు చోట ఎన్నో వేసవులలో కుళాయి రోజును విడిచి పారినది. నీరు ముఖ్యముగా 1973లో కట్టిన ధనీఖరీ ఆనకట్ట నుండి గొట్టములలో వచ్చును. అంతకుముందు పట్టణమునకు త్రాగునీరిచ్చిన దిల్‌థామన్ చెరువు నేడు గాంధీ పార్కులో ఉన్నది. హిందీ తెలిసిన చెవికి ఆ పేరు 'గుండె చిక్కబట్టుకో' అన్నట్టు వినబడును.

మిన్నీ బేలోని తెలుగువారికి మిశ్ర పుస్తకమును చదువుటకు అనువాదము అక్కరలేకపోవచ్చును. కాని ఆయన చెప్పిన తరతరముల అలవాటు అచ్చట లేదు. కళ్ళములో గింజలు కొలిచి ఇచ్చు ఏర్పాటు లేదు, పుట్టుకతో నీరుగంటియైనవాడు లేడు. వంతు ఎవరిది, కాలువలో అడ్డుపడిన చెత్త తీయు చేయి ఎవరిది అనునది బెంగాలీ, తమిళ, తెలుగు పొరుగువారు హిందీలో మాటలాడుకొని తేల్చుకొనవలసినదే. ఊరిని, వాడను వారు తూర్పు తీరముననే విడిచి ఓడ ఎక్కినారో, మూటలో కట్టుకొని వచ్చినారో, కుళాయి దగ్గర బిందెలు నిలుపు వరుసను చూచినవారికి తెలియును.